బొమ్మ వస్తుందా?

మా ఇంటి టీవీని ఆయన ముందునుంచి చూసింది ఒక్కసారే. మామూలుగా ఎప్పుడొచ్చినా తిన్నగా వెళ్లి టీవీ బల్లకూ గోడకూ మధ్య సందులో ఇరుక్కుని కూర్చునేవాడు. మాకు కనిపించేవి ఆయన మోకాళ్లూ, చొక్కా జేబులోంచి తొంగిచూసే కటింగ్ ప్లేయరూ. అక్కణ్నుంచే, మేమేదో పక్క ఊళ్లో ఉన్నట్టు గట్టిగా అరిచేవాడు: "బొమ్మ వస్తుందా?"

"గీతలు వస్తున్నయ్ మామా" అనేదాన్ని.

ఏదో తిప్పేవాడు. "ఇప్పుడు?"

"సౌండు వస్తుంది, బొమ్మ పోయింది."

"ఇప్పుడు?"

ఇలా సాగేది. ఒకసారి మా అమ్మకు విసుగొచ్చి, "జర ముందుకొచ్చి నువ్వే చూస్కోరాదే అన్నా" అంది. "నాకొస్తే ఏం లాభం చెల్లె? చూసేటోళ్లు మీరు. మీకు రావాలె" అన్నాడు సందులోంచే. ఇందులో పెద్ద తత్వమేమీ లేదు. మనిషి కాస్త బద్ధకస్తుడు. ఒకసారి ఆ సందులో కూలబడ్డాక మళ్లీ లేవడం ఆయనకు ఇష్టముండేది కాదు.

మొన్న కొత్తగూడెం నుంచి నాన్న ఫోన్ చేసి, "మన బొమ్మాయన పోయిండు బిడ్డా" అన్నాడు. నేను ఖమ్మంలో టీచరుగా పనిచేస్తున్నాను. అప్పుడే బడి నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. ఆయన అసలు పేరేమిటి నాన్నా అని అడిగాను. "ఏమో. బొమ్మాయన అనే కదా పిల్సినం" అన్నాడు. బొగ్గు గనుల కాలనీలో మా వరస క్వార్టర్లన్నిటికీ కేబుల్ తీగ లాగిన మనిషి. మా అమ్మ అన్నా అని, నాన్న బావా అని, నేను మామా అని ఇన్నేళ్లూ పిలిచిన మనిషి. పేరుతో ఎవరికీ అవసరం పడలేదు.

బక్కపలచగా ఉండేవాడు. భుజాన వెదురు నిచ్చెన, మెడలో అడ్డంగా నల్ల వైరు చుట్ట, కింద పాత మోపెడ్. స్తంభాలెక్కి కిందివాళ్లతో మాట్లాడీ మాట్లాడీ, నేల మీద ఉన్నప్పుడు కూడా ఆయన గొంతు తగ్గేది కాదు. చావు ఇంటికి పరామర్శకు వచ్చినా అదే గొంతు. కోపం ముక్కు మీదే ఉండేది. కోతులతో ఒక వైరం, వానతో ఇంకో వైరం. కోతులు తీగలు పట్టుకుని ఊగేవి, వానొస్తే డిష్షుకు సిగ్నల్ పోయేది. మబ్బు పట్టిందంటే చాలు, నడిరోడ్డు మీద మోపెడ్ ఆపి ఆకాశాన్ని తిట్టేవాడు. "పడు, పడు, నీ సొమ్మేం పోయింది. ఫోన్లు వచ్చేది నాకు కదా!"

ఎన్ని తిట్టినా కంప్లైంట్ ఇచ్చిన ఇంటివాళ్లను మాత్రం ఒక్కమాట అనేవాడు కాదు. "కంప్లైంట్ ఇచ్చేటోడు అబద్ధం చెప్పడు. ఆని కాడ రాకపోతేనే కదా చెప్తడు" అనేవాడు. తన తీగలో లోపం లేదని తనకు తెలిసినా సరే, నిచ్చెన దించుకుని మళ్లీ మొదటినుంచి చూసేవాడు.

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా దగ్గరికి బొమ్మల చానల్ ఇంగ్లిషులోనే వచ్చేది. పిల్లలకు ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని ఆదివారం పొద్దున ఆయన తన కంట్రోల్ రూములో కూర్చుని, బొమ్మలకు సౌండు తీసేసి, మైకు పట్టుకుని తనే తెలుగులో మాట్లాడేవాడు. కంట్రోల్ రూమంటే ఆయన డాబా మీది రేకుల గది. ఇంగ్లిషు ఆయనకూ రాదు. కథేమిటో తెలియదు. తెరమీద ఎవరు నోరు తెరిస్తే వాళ్ల నోట్లో అప్పటికి తోచిన మాట పెట్టేవాడు. ఆ మాటల కోసమే పెద్దవాళ్లు కూడా పనులాపి కూర్చునేవాళ్లు.

ఆ బొమ్మల్లో ఒక ఒంటెపిల్ల ఉండేది. దానికి ఊరికే దిగులు. దిగులు పడగానే నెత్తిమీదికి చిన్న నల్ల మబ్బు వచ్చి, దాని ఒక్కదాని మీదే వాన కురిసేది. ఒళ్లంతా నీలం రంగుకు తిరిగేది. కళ్లలోంచి కొళాయి విప్పినట్టు నీళ్లు. అది చూసి కోతీ బాతూ పరుగెత్తుకొచ్చేవి, కేకు తెచ్చేవి, దాని చుట్టూ ఎగిరేవి. మబ్బు టప్పున పేలిపోయేది. పళ్లున్న సూర్యుడొచ్చి నవ్వేవాడు. ప్రతివారం అంతే.

దిగులెందుకొచ్చిందో మాత్రం ప్రతివారం మారేది. ఎందుకంటే అది బొమ్మాయన నోట్లోంచి రావాలి. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. "మా నాయిన బాయి మీదికి పోయి ఇంకా రాలె" అని ఒక వారం ఒంటె ఏడ్చేది. "మా అమ్మ కోడికూర వండి పక్కింటోళ్లకు పెట్టింది" అని ఇంకో వారం. మబ్బును మాత్రం ఏ వారమూ తిట్టకుండా వదిలేది కాదు. ఆ కోపం ఒంటెది కాదని కాలనీ అంతటికీ తెలుసు, పడిపడి నవ్వేవాళ్లం.

మా తమ్ముడు పండుగాడికి ఆ ఒంటె అంటే ప్రాణం. వాడి నల్ల చెడ్డీ నెత్తిన పెట్టుకుని, అదే మబ్బని చెప్పి ఇల్లంతా తిరిగేవాడు. నేను కోతినై ఎగరాలి. ఎగరకపోతే ఊరుకునేవాడు కాదు.

ఆ ఏడు వానల్లో అమ్మమ్మకు బాగాలేదని కబురొస్తే, అమ్మ వాణ్ని తీసుకుని చర్ల అవతలున్న పుట్టింటికి వెళ్లింది. అక్కడ వాడికి జ్వరం తగిలింది. వాగు పొంగి, వాళ్లను తేవడానికి పోయిన జీపు ఇవతలే ఆగిపోయింది. వాగు తగ్గి, భద్రాచలం దవాఖానాకు చేర్చేసరికి జ్వరం తలకెక్కిందన్నారు. అమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. వాణ్ని అప్పటికింకా బడిలో కూడా వెయ్యలేదు.

వచ్చినవాళ్లందరూ అమ్మ దగ్గర కూర్చున్నారు. అది న్యాయమే. నాతో మాత్రం అందరూ ఒకటే మాట చెప్పారు. "అమ్మ ముందట పండుగాని మాట ఎత్తకు బిడ్డా. నువ్వు ఏడ్సుకుంట కూసుంటే అమ్మ తట్టుకోదు." నేను చెప్పిన మాట వినే పిల్లను. ఏడవలేదు. వాడి పేరు ఎత్తలేదు. "పిల్ల మంచిగ ఓర్సుకున్నది" అన్నారు చూసినవాళ్లు. నాన్నయితే, "చిన్నపిల్ల, దానికేం తెల్సు. ఆడుకుంటది, మర్సిపోతది" అన్నాడు.

నేను ఆడుకోలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. బడిలో సారు పిలిస్తే వినిపించేది కానీ జవాబివ్వబుద్ధయ్యేది కాదు. పొద్దున లేచి, మళ్లీ పోయి పడుకునేదాన్ని. మా ఏజెన్సీ పక్క ఊళ్లలో పిల్లలు డీలా పడితే మొట్టమొదటి అనుమానం మలేరియా. అందులోనూ మా ఇంట్లో ఒక పిల్లాడు జ్వరంతోనే పోయాడు. వేలు గుచ్చి గాజుముక్క మీద రక్తం తీసుకెళ్లారు, ఏమీ లేదన్నారు. నమ్మకం కుదరక మళ్లీ గుచ్చారు. కోలుకున్న అమ్మమ్మ వచ్చి, పిల్ల జడుసుకున్నదని నల్లతాడు కట్టింది. పక్క క్వార్టరు పెద్దమ్మ తమ పాస్టరుగారిని తెచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించింది. ఏదీ పనిచేయకపోయేసరికి, ఇది మొండితనమని తేల్చారు.

నేనూ అదే అనుకున్నాను. దిగులుపడ్డ పిల్ల ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు కదా, ప్రతి ఆదివారం చూస్తున్నదాన్నే. మబ్బుండాలి, కన్నీళ్లుండాలి, ఒళ్లు నీలం కావాలి. అద్దం ముందు నిలబడి చూసుకునేదాన్ని. నెత్తిమీద ఏమీ ఉండేది కాదు. కాబట్టి నాది దిగులు కాదు. ఇంకేదో, బహుశా నా తప్పే.

ఇప్పుడు నా క్లాసు పిల్లలు చూసే బొమ్మల్లోనూ అదే వరస చూస్తుంటాను. బాధలో ఉన్న పిల్ల అంటే ఏడ్చే పిల్ల. గదిలోకి ఎవరొచ్చినా ఇట్టే కనిపెట్టేస్తారు, స్నేహితులంతా చేరతారు, ప్రకటనలొచ్చేలోపు కుదుటపడుతుంది. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏడ్చే పిల్లల గురించి నాకంత భయం లేదు. ఏ గొడవా లేకుండా, చెప్పిందల్లా వింటూ కూర్చునే పిల్లల దగ్గరికే ముందు వెళతాను.

పండుగాడు పోయాక బొమ్మాయన రిపేరుకని మా ఇంటికి వచ్చింది ఒక గాలివాన తర్వాత. తీగలు తెగి, వరసగా ఇళ్లన్నీ తిరుగుతున్నాడు. సందులో కూర్చుని ఎప్పటిలాగే అరిచాడు: "బొమ్మ వస్తుందా?"

"బొమ్మ వస్తుంది. రంగు వస్తలేదు" అన్నాను.

నాకప్పుడు నిజంగా తెలుపు నలుపుల్లోనే కనిపించిందా అంటే ఇప్పుడు చెప్పలేను. అప్పటి ఆ పిల్ల అబద్ధం మాత్రం చెప్పలేదు.

ఏదో తిప్పాడు. "ఇప్పుడు?" రాలేదన్నాను. పిన్ను మార్చాడు. రాలేదన్నాను. వంటింట్లోంచి అమ్మ తొంగిచూసి, "రంగు మంచిగనే ఉన్నది కదన్నా. ఎర్రది ఎర్రగనే కనవడుతుంది" అంది.

"నువ్వుండు చెల్లె. కంప్లైంట్ ఇచ్చింది బిడ్డె" అన్నాడాయన.

ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే వస్తూ పోయాడు. స్తంభం నుంచి ఇంటిదాకా కొత్త వైరు లాగాడు. జాయింట్లు విప్పి ఎర్ర టేపు చుట్టాడు. బూస్టరు మార్చాడు. చుట్టుపక్కలవాళ్లు, "పిల్ల ఆటపట్టిస్తుందయ్యా, ఎల్లిపో" అని నవ్వారు. ఆయనకు పౌరుషం ఎక్కువైంది. చివరికి తన ఇంట్లోని చిన్న టీవీ మోపెడ్ మీద కట్టుకొచ్చి, మా టీవీ పక్కన పెట్టి, దానికి తీగ తగిలించాడు.

"ఇప్పుడు?"

"రాలె మామా."

సందులోంచి లేచి వచ్చాడు. మా టీవీ ముందు, నా పక్కన, చాప మీద కూర్చున్నాడు. పక్కపక్కన రెండు టీవీల్లో, ఆదివారం కాదు కాబట్టి ఇంగ్లిషులోనే, రెండు ఒంటెపిల్లలు తడుస్తున్నాయి. వాటికేసి చాలాసేపు చూసి, ప్రతి ఇంట్లో అడిగే ప్రశ్నే నన్నూ అడిగాడు. "ఎప్పటి సంది వస్తలేదు?"

"పండుగాడు పోయినప్పటి సంది."

ఆయన చేతిలోని ప్లేయరు చాప మీద పెట్టాడు. "మీ అమ్మకు, నాయినకు చెప్పినవా?"

"ఎవలూ అడగలె." ఆయన అడిగాడు కాబట్టి మిగతాది కూడా చెప్పాను. "పడుకుంటే మళ్ల లేవకుంటే మంచిగుండనిపిస్తది. కానీ నాకు మబ్బు రాలె మామా. ఏడుపు గూడ వస్తలేదు. మరి ఇది దిగులు కాదు కదా?"

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నాకప్పుడే తెలిసింది. "వైర్ల సంగతైతే చెప్తగని, గిది నాకు తెల్వదు." నిచ్చెన మా ఇంట్లోనే మర్చిపోయి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నాన్న షిఫ్టు దిగి వచ్చే వేళకు గేటు దగ్గర కాపు కాశాడు. ఇద్దరి మాటలూ నాకు లోపలికి వినిపించాయి. "బావా, బిడ్డె సంగతి జర చూడు. పిల్లకు బాగాలేదు" అన్నాడాయన. నాన్న పొద్దంతా బాయిలో పనిచేసి వచ్చాడు. కొడుకును పోగొట్టుకున్నవాడు, ఇంకో పిల్లకు బాగాలేదన్న మాట వినడానికి మనిషిలో శక్తి లేదు. "రక్తం పరీక్ష చేపిచ్చిన, ఏం లేదన్నరు. చిన్నపిల్ల, దానికేం తెల్సు? నువ్వు నీ టీవీ సంగతి చూస్కో బావా" అని లోపలికి వచ్చేశాడు. బొమ్మాయన మోపెడ్ తోసుకుంటూ వెళ్లాడు.

ఆదివారం వచ్చింది. నాన్న పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. అమ్మ గోడకు ఆనుకుని ఉంది. టీవీలో ఒంటెపిల్ల వచ్చింది, మబ్బొచ్చింది, వాన మొదలైంది. ఆయన మబ్బును తిట్టలేదు.

"నాకు రంగు వస్తలేదు" అంది ఒంటె, ఆయన సన్నగొంతుతో. "మా తమ్ముడు పోయినప్పటి సంది వస్తలేదు. నన్నెవలూ అడుగుతలేరు. పడుకుంటే మళ్ల లేవబుద్ధి అయితలేదు."

కోతీ బాతూ కేకు పట్టుకుని ఎగురుకుంటూ వచ్చాయి. ఆ డాన్సుకు ఆయన ఏదో ఒక పాట కట్టి పాడడం అలవాటు. ఆ రోజు ఒంటె గొంతూ వదిలేశాడు, పాటా వదిలేశాడు. తన సొంత గొంతుతో, స్తంభం మీదినుంచి అరిచినట్టు అరిచాడు. "ఎందుకు ఎగురుతున్నర్రా? కేకు కింద పెట్టుండ్రి! ఏడ్వలేదని మంచిగున్నదనుకున్నరా? అడుగుండ్రి దాన్ని!"

తెరమీద మబ్బు పేలింది. పళ్ల సూర్యుడొచ్చి నవ్వాడు. "ఎండ రాలె" అన్నాడాయన. "గీ బొమ్మ అబద్ధం. ఇంకా రాలె." అంతే, మాటలు ఆగిపోయాయి. బొమ్మలు ఊరికే నోళ్లు ఆడిస్తూనే ఉన్నాయి. మైకు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నాడు, ముక్కు ఎగబీల్చుకోవడం కాలనీ అంతా వినిపించింది. రేకుల మీద ఏదో కోతి దూకింది. దాన్నీ తిట్టలేదు.

నాన్న అన్నం కలిపిన చెయ్యి అలాగే పట్టుకుని లేచాడు. ముందు కోపంతోనే లేచానని, వాడింటికి పోయి మెడ పట్టుకుందామనుకున్నానని తర్వాత చెప్పాడు. లేస్తూ నావైపు చూశాడు. ఒంటె అన్న మాటలు నావి కదా, నా పెదవులు వాటినే మళ్లీ మళ్లీ అంటున్నాయట. నాకు తెలియలేదు.

నా ముందుకొచ్చి గొంతుకూర్చున్నాడు. "నీకు రంగు వస్తలేదా బిడ్డా?" అని అడిగాడు.

తల ఊపాను.

"పండుగాడు యాదికొస్తున్నడా?"

వాడి పేరు మా ఇంట్లో అన్నాళ్ల తర్వాత వినడం అదే. గోడ దగ్గర అమ్మ భోరుమంది. అమ్మ ఏడిస్తే ఏమవుతుందోనని అందరూ అంత భయపెట్టారు గానీ, ఏమీ కాలేదు. వచ్చి నన్ను ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చాను. నాన్న అన్నం చెయ్యి నా జుట్టుకంతా అంటుకుంది.

ఆ ఏడుపుతో మబ్బు పేలిందని రాస్తే బొమ్మాయన ఊరుకోడు. పేలలేదు. నాన్న సెలవు పెట్టి ఖమ్మంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె నా వేలు గుచ్చలేదు. తమ్ముడితో ఏం ఆడుకునేదానివని అడిగింది. నల్ల చెడ్డీ సంగతి చెప్పాను. ఇది డిప్రెషన్ అని, పిల్లలకూ వస్తుందని ఆమె అంటే నాన్న, "గింత చిన్నపిల్లకా?" అన్నాడు. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాం. అమ్మ కూడా వచ్చేది. అమ్మకూ అదే ఉందని తేలింది.

ఆ రోజులన్నీ బొమ్మాయన మా ఇంటి ముందునుంచి పోతూ మోపెడ్ ఆపి అడిగేవాడు. "బిడ్డా, వచ్చిందా?" నేను లేదని తల ఊపేదాన్ని. సరే అని వెళ్లిపోయేవాడు. సిగ్నల్ గురించి ఎవరేమన్నా పడనివాడు, "ఆ ఇంట్లో ఇంకా రంగు రాలేదటయ్యా, నీకు పని చాతకాదా" అని జనం నవ్వుతుంటే ఒక్కనాడు కూడా నోరు విప్పలేదు. చలికాలం వెళ్లిపోయే రోజుల్లో ఒక పొద్దున నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. ఆయన చుట్టిన ఎర్ర టేపు మా చూరు కింద జాయింటు దగ్గర కనిపించింది. అన్నాళ్లూ అక్కడే ఉంది. ఎర్రగా ఉంది. ఆయన వచ్చి అడిగినప్పుడు, "కొంచెం వచ్చింది మామా" అన్నాను.

మొహమంతా వెలిగిపోయింది. "మొదాలు సిగ్నల్ వీక్ ఉంటది. పరేషాన్ గాకు" అని వీధంతా వినబడేలా చెప్పి, మోపెడ్ తొక్కుకుంటూ పోయాడు. మర్చిపోయిన నిచ్చెన ఆ మర్నాడొచ్చి తీసుకెళ్లాడు. అప్పటిదాకా ఇంకో నిచ్చెన అడుక్కుని నెట్టుకొచ్చాడు.

అప్పటినుంచీ మా ఇంట్లో అదో మాటైపోయింది. నాన్న ఫోన్ చేస్తే, పెట్టేసేముందు తిన్నావా అని అడగడు. "బొమ్మ వస్తుందా బిడ్డా?" అని అడుగుతాడు. వస్తే వస్తుందంటాను. గీతలుంటే గీతలున్నాయంటాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఇది విని, మా ఇంటి టీవీ చూసి, ఇది బాగానే ఉంది కదా అన్నాడు.

మొన్న ఫోన్లో నాన్న అడగలేదు. పొద్దున అంత్యక్రియలకు పోయి వచ్చానన్నాడు, ఎవరెవరొచ్చారో చెప్పాడు, కాలనీలో ఇప్పుడందరికీ డిష్షులేనని చెప్పాడు, మళ్లీ మొదటినుంచి అదే చెప్పాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఆయన ఒక్కడే ఉంటున్నాడు. ఉంటా మరి అన్నాడు. ఉండమని, నేనే అడిగాను.

"నాన్నా, బొమ్మ వస్తుందా?"

అటు ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడైంది.

"వస్తుంది బిడ్డా" అన్నాడు. "రంగు వస్తలేదు ఇయ్యాల."

"వస్తున్న నాన్నా" అని, విప్పిన చెప్పులు మళ్లీ వేసుకున్నాను.